గట్టు పక్కన పాతిన పైపు

మా అక్క వాళ్ల ఊరు బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో ఉంది. ఒకప్పుడు ఆ దారి పొడుగునా చెరుకే. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు పోయి వరి వచ్చింది. వరి వెనక బోరు, బోరు వెనక ఆటోస్టార్టర్ వచ్చాయి. కరెంటు రాగానే మోటరును తనంతట తానే నడిపించే డబ్బా అది. రైతు మంచం దిగనక్కరలేదు. నీళ్లు కావాలో వద్దో మడిలోకి పోయి చూడనక్కరలేదు. ఆ దారిలోని రైతులు ఇంత ఇష్టంగా నెత్తిన పెట్టుకున్న యంత్రం ఇంకొకటి లేదు.

నాది బోధన్‌లో మోటర్ వైండింగ్ దుకాణం. ఎండాకాలం నా గుమ్మంలో వరసగా పడి ఉండే కాలిన మోటర్లు చాలా వరకు ఆ డబ్బా పుణ్యమే. బోరులో నీళ్లు అడుగంటుతాయి, కరెంటు వస్తుంది, మోటరు ఉత్తగా తిరిగి తిరిగి కాలిపోతుంది. ఆసామి దాన్ని ఆటోలో వేసుకొచ్చి నా ముందు కూర్చుని ఓల్టేజీని తిడతాడు.

బడి చదువు నాకు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయంలోనే. రాగి తీగ కొనడానికి నిజామాబాద్ పోయినప్పుడల్లా తిరుగు బస్సు ఎక్కేముందు అక్కడ కాసేపు కూర్చోకుండా రాను. చాలామంది ఉద్యోగ ప్రకటనలు, రాశిఫలాలు చూసుకుని లేచిపోతారు. వ్యవసాయం పుస్తకాల బీరువా నేను అడిగితేనే తెరిచేవారు. అందులో దొరికిన ఒక పలుచని పుస్తకంలోనే, వరికి ఎప్పుడూ నీళ్లు నిలబెట్టనక్కరలేదని చదివాను. మూరెడు ప్లాస్టిక్ పైపుకు కింది సగం చిల్లులు వేసి మడిలో పాతాలి. లోపలికి తొంగి చూస్తే నేల కింద నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కనిపిస్తుంది. జానెడు కిందికి దిగేదాకా మోటరు వేయనక్కరలేదు. పూత రోజుల్లో మాత్రం మడి ఆరకూడదు. పైపును గట్టుకు దూరంగా, మడి లోపల పాతాలని బొమ్మ గీసి మరీ చెప్పారు. గట్టు దగ్గర పాతితే పక్క పొలం ఊట అందులోకి దిగి మోసం చేస్తుంది.

ఇదంతా బావకు చెప్పాను. బావ నవ్వాడు. ఆ ఊళ్లో నీళ్లు లేని వరి మడి అంటే ఇంటి పరువు పోవడం. పొద్దున వేపపుల్ల నములుతూ పక్కవాడి మడిలో నీళ్లున్నాయా లేదా అని చూడందే ఎవరూ ఇంటికి తిరిగిరారు. ఎవరి మడి ఆరితే ఆ ఇంటి మగవాడు మంచాన పడ్డాడనో తాగి పడుకున్నాడనో అర్థం. భూమిలో నీళ్లు అడుగంటడం వాళ్లకు కనబడదు, మడిలో అడుగంటితే మాత్రం ఊరంతా చూస్తుంది.

ఆ పరువు కోసమే కిందటి యాసంగిలో, అంటే ఎండాకాలం పంటకు, బావ బోరును రాత్రింబవళ్లు తోడించాడు. ఇప్పుడు శివరాత్రికే ఎండలు మాడుస్తున్నాయి. గింజ పాలు పోసుకునే వేళకు బోరు ఎండిపోయింది. కోతకు రావలసిన పొలాన్ని పశువులకు వదిలేశారు. ఇంకొక్క పంట ఇట్లా పోతే మళ్లీ గల్ఫ్‌కు పోతానని బావ తేల్చి చెప్పాడు. ఒకసారి పోయి వచ్చినవాడే. ఆ ఏళ్లన్నీ ఇల్లూ పొలం అక్క ఒక్కతే మోసింది. గల్ఫ్ అన్న మాట వినబడితే చాలు, ఆమె చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది.

నేను చెబితే నవ్విన మనిషి, ఈసారి యాసంగి నాట్లప్పుడు హైదరాబాద్ నుంచి కంపెనీ వాళ్లు కారులో వచ్చి చెబితే తల ఊపాడు. నీళ్లు నిలిచిన మడి నుంచి భూమిని వేడెక్కించే వాయువు లేస్తుందనీ, మడి ఆరబెడితే అది తగ్గుతుందనీ వాళ్లు వివరించారు. అందులో అబద్ధమేమీ లేదు, నేను ఎప్పుడో చదివిందే. పైపు ఉచితం. వాయువు తగ్గిన లెక్క చూపుకోవడానికి నెలకోసారి వచ్చి పైపును ఫోన్‌లో ఫోటో తీసుకుపోతారట. రోడ్డు పక్కనే, పక్క పొలం గట్టు కలిసే మూలన తమ ఫ్లెక్సీ బోర్డు నిలబెట్టి, దాని కిందే పైపు దిగ్గొట్టబోయారు.

ఆ రోజు బావ మోటరు బిగించడానికి పోయి నేను అక్కడే ఉన్నాను. పైపు మడి లోపల పాతాలని చెప్పాను. కుర్ర సారు ముందు మడిలోని బురద వైపు చూశాడు, తర్వాత తన తెల్ల బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఇక్కడైతే బోర్డు కూడా ఫోటోలో పడుతుందన్నా" అన్నాడు.

నేను పుస్తకం మాట ఎత్తేసరికి బావ అడ్డం వచ్చాడు. "సార్లకు తెల్వనిది నీకు తెలుసా బామ్మర్ది? నువ్వు మోటరు సూడు."

భూమి వేడిని తగ్గించడానికి అంత దూరం వచ్చినవాళ్లు బురదలో నాలుగడుగులు వేయలేకపోయారు. పైపు గట్టు పక్కనే దిగింది.

బావ ఆటోస్టార్టర్ తీసేశాడు. అంతవరకు మెచ్చుకోవలసిందే. పొద్దున్నే పోయి పైపులోకి తొంగి చూసేవాడు. నీళ్లు నిండుగా ఉండేవి. ఇంకా నీళ్లున్నాయి, మోటరెందుకని సంబరంగా ఇంటికి వచ్చేవాడు. ఇన్నేళ్లలో పెళ్లాం మాట గాని బామ్మర్ది మాట గాని చెవిన పెట్టని మనిషి, ఆ ప్లాస్టిక్ ముక్క మాట మాత్రం అక్షరం తప్పకుండా విన్నాడు. పైపులో ఉన్నవి తన నీళ్లు కావని ఆయనకు తట్టనేలేదు. గట్టుకు అవతలి ఆసామి ఆటోస్టార్టర్ పెట్టి మడిని చెరువు చేసి ఉంచాడు. ఆ నీళ్లు గట్టు కింద నుంచి ఊటగా పైపులోకి దిగుతున్నాయి.

పొలం అవతలి కొసన నెర్రెలు పడ్డాయి. గట్టు అవతలి ఆసామి అదే అదనుగా, రోడ్డు మీద పోయేవాళ్లు వినేటట్టు అడిగాడట. "ఏందయ్యా, గల్ఫుకు పోకముందే పొలం ఇడిశినవా?"

బావకు రోషం వచ్చింది. ఆ సాయంత్రమే ఆటోస్టార్టర్ మళ్లీ బిగించుకున్నాడు. అట్లా నడిపిస్తే బోరు పూతదాకా కూడా ఆగదని అక్కకు తెలుసు, నిరుడు చూసింది. నాకు ఫోన్ చేసి, పైపు సంగతి పుస్తకంలో ఏముందో వచ్చి తనకు చెప్పమంది. తెల్లారి దుకాణం తెరవకుండా పోయాను.

గట్టు మీద నిలబడి అంతా చెప్పాను.  అక్క చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, బోర్డు కింది పైపును ఊపి ఊపి పీకి, చంకన పెట్టుకుని మడిలోకి దిగింది. అప్పుడే వచ్చిన బావ గట్టు మీది నుంచి గొణగడం మొదలుపెట్టాడు. సార్లు పాతినదాన్ని కదిలిస్తే ఫోటో రాదు, ఫోటో రాకపోతే వాళ్ల జాబితాలోంచి పేరు తీసేస్తారు, పేరు తీసేస్తే ఊళ్లో నగుబాటు.

అక్క మడి మధ్యలో వంగి పైపును అదిమింది. నడుం ఎత్తి అంది: "నీ బోర్డు నువ్వే పట్టుకొని నిలబడు. నాకు పంట గావాలె. నువ్వు ఇంట్ల ఉండాలె."

 నేను పోయి ఆటోస్టార్టర్ తీగలు ఊడదీశాను. ఈసారి బావ అడ్డం రాలేదు.

అప్పటి నుంచి అక్కే పొద్దున మడిలోకి దిగి పైపు చూసి, కావాలనుకుంటేనే మోటరు వేసేది. పూతకు వచ్చాక మాత్రం మడి నిండా నీళ్లు నిలిపింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కంపెనీ కారు వస్తోందని ఫోన్ వచ్చింది. బావ పరుగున పోయి, పాత బోరు సామానులో ఒక పైపు ముక్క వెతికి బోర్డు కింద పాతాడు. దానికి చిల్లుల్లేవు, అడుగున మూత కూడా ఉంది. సార్లు గట్టు మీది నుంచే వంగి చూశారు. పైపు లోపల పొడిగా ఉంది. మడి చక్కగా ఆరిందని రాసుకున్నారు, ఫోటో తీసుకున్నారు. మడి నిండా నీళ్లు ఎండకు మెరుస్తూనే ఉన్నాయి. ఒక్కరూ అటు చూడలేదు. బావ చేతులు కట్టుకుని, పెళ్లి ఫోటోకు నిలబడ్డట్టు బోర్డు పక్కన నిలబడ్డాడు.

చివరి తడులకు బోరు ఆగి ఆగి పోసింది, కాని పోసింది. నెర్రెలు పడ్డ కొసన తాలు గింజే మిగిలింది. మిగతా పొలమంతా బరువుగా వంగి కోతకు వచ్చింది. పక్క ఆసామి బోరు అంతకు ముందే ఎండింది. ఆయన మోటరు నా గుమ్మంలోకి వచ్చింది, ఆయన నా ముందు కూర్చుని ఓల్టేజీని తిట్టాడు. ఆటోస్టార్టర్ తీసేయమని చెప్పాను. తీసేస్తే మోటరు ఎవరు వేయాలని ఎదురడిగాడు.

గల్ఫ్ మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు. వానాకాలం నాట్లు అయ్యాక పోయి చూస్తే చిల్లుల పైపు మడి లోపలే ఉంది. ఈసారి బావే పాతాడట. పుస్తకం ఊసు మాత్రం నా దగ్గర ఎత్తలేదు. బోర్డు కింద మూత పైపు కూడా అట్లాగే నిలబడి ఉంది. అదింకా ఎందుకని అక్కను అడిగాను.

"ఉండనియ్యి తమ్మీ" అంది. "అది సార్లది. మనది లోపట ఉన్నది."