బాగుండాం తల్లీ

అక్కది కడప జిల్లా, నాది గోదావరి. చుట్టరికమేమీ లేదు, ఇద్దరం గల్ఫ్‌కు పనికొచ్చినవాళ్లం. దార్సైట్‌లో కృష్ణుడి గుడి దగ్గర ఒక శుక్రవారం ఒకే విస్తరిలో పులిహోర తిని అక్కాచెల్లెళ్లమయ్యాం. నేను ఆ పక్క వీధిలోనే ఒక ఇంట్లో వంట చేస్తాను. ఆమె అజైబాలో ఒక పెద్దింట్లో పనిచేసేది.

అక్క విజిట్ వీసా మీద వచ్చింది. దిగాక పని వీసాగా మార్పిస్తానన్నాడు ఏజెంటు. ఆ పని జరిగేలోపే ఇక్కడ చట్టం మారింది. విజిట్ మీద వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ రావాల్సిందే. టికెట్టుకి ఎవరిస్తారు? అక్క ఉండిపోయింది. ఇలా కాగితాలు లేకుండా మిగిలినవాళ్లను ఇక్కడ ఖల్లివల్లి అంటారు, అంటే ‘పోతే పోనీ’ అని. ఆ పేరు పెట్టినవాడెవడో గాని, వాడి నోట్లో మన్ను పడ.

తర్వాత షుగరు వల్ల అక్క చూపు తగ్గుతూ వచ్చింది. త్వరగా వైద్యం చేయిస్తే నిలుస్తుందన్నాడు డాక్టరు. జబ్బుపడి ఇంటికి చేరిన గల్ఫ్ పనివాళ్లకు మనవైపు ఒక సంక్షేమ నిధి ఉంది. కాకపోతే అది పని వీసా మీద బయల్దేరినవాళ్లకే. అక్కకు రాదు.

ఆ సమయంలోనే, చట్టాలు మారాక ఈ నిధి నియమాలు ఎవరికి అన్యాయం చేస్తున్నాయో తేల్చడానికి ప్రభుత్వంతో సంబంధం లేని కమిటీ ఒకటి వస్తోందని తెలిసింది. పేర్లు రాసుకోరట, చెప్పింది వింటారట. అక్కకు ప్రాణం లేచివచ్చింది. రోజూ వంకాయలు తరుగుతూ ఫోన్లో నాకు పాఠం అప్పజెప్పేది.

“మేం ఇమానం ఎక్కినప్పుడు ఒక చట్టం, దిగినాక ఇంగొక చట్టం. మద్దెలో మా తప్పు యాడుందమ్మా?”

ఇంత బాగా ఏ లాయరూ చెప్పలేడని నేను మురిసిపోయాను.

కమిటీ వచ్చిన శుక్రవారం అక్క ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. హాలు నిండా మగవాళ్లే. ముందు వరసలోంచి ఒక తెలంగాణ మేస్త్రీ లేచి, “సార్, సైట్ల వడి నా కాలిరిగింది. కంపెనీ మూతవడ్డది. మాకెవలు దిక్కు?” అని గట్టిగా అడిగాడు. అతని మాటను శ్రద్ధగా రాసుకున్నారు.

తర్వాత కమిటీలోని పెద్దావిడ మా దగ్గరికి వచ్చింది. ఎండకు ముఖం కందిపోయి ఉంది. అక్క చేయి పట్టుకుని, “బాగున్నారా అమ్మా? ఇబ్బందులేమైనా ఉన్నాయా?” అంది.

“బాగుండాం తల్లీ,” అంది అక్క. “అంత దూరం నుంచి వస్తిరి, అన్నం తిన్నారా?”

నేను అక్క నడుం మీద గిల్లాను. ఊహూ. ఇంటికొచ్చిన మనిషి ముందు కష్టాలు ఏకరువు పెట్టకూడదని పెరిగిన మనిషి. నేనే అందుకుని, “అది కాదమ్మా, ఈవిడ కళ్లు...” అన్నాను. ఆవిడ పక్కనున్న కమిటీ కుర్రాడు, ఎవరి సంగతి వాళ్లే చెప్పాలన్నాడు. అక్క తల దించుకుని, “ఏం లేదులే తల్లీ,” అంది. ఆవిడ నవ్వి ముందుకు వెళ్లింది.

బస్టాపులో అక్కని నోటికొచ్చినట్టు తిట్టాను. “ఆయమ్మ మొగం చూస్తే నోరు రాలేదు పాపా,” అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

కొన్ని నెలలకు నియమాలు సడలించారు. సైటు ప్రమాదాలకు సాయం పెరిగింది. విజిట్ వీసా సంగతి మాత్రం కదల్లేదు. ఆ ఊసు తమ ముందు ఎవరూ ఎత్తలేదని కమిటీ చెప్పిందట. అబద్ధం కూడా కాదు, ఎవరిని తిట్టను? ఈలోగా జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చని ఇక్కడి ప్రభుత్వం అవకాశమిస్తే అక్క ఇంటికి వెళ్లిపోయింది. సాయం రాలేదు, వైద్యం జరగలేదు.

మొన్న ఆమె మనవరాలు వీడియో కాల్ కలిపి ఫోను అక్క చేతికిచ్చింది. నాకు గోడా, సగం క్యాలెండరూ కనిపిస్తున్నాయి. నేను వంటింట్లో పనిలో ఉండి అసలు కెమెరా తెరవనే లేదు.

“ఎలా ఉన్నావక్కా? కళ్లెలా ఉన్నాయి?”

“బాగుండాను పాపా, బాగా కనపడతాంది. నువ్వే శానా చిక్కిపోయినావు. తలకు నూనె పెట్టుకోవడంల్యా?”

“పెట్టుకుంటానక్కా,” అన్నాను.