పన్నెండో ఉచ్చు

ఆ వయసులో నాకు కొలవని వస్తువు మీద నమ్మకం ఉండేది కాదు. పదో తరగతి తప్పి, లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకుని, భూపాలపల్లి అడవిలో సర్వే గొలుసు పట్టే పనికి కుదిరాను. మేం ముగ్గురం: జ్వరంతో పడుకున్న మేస్త్రి, బయ్యారం దగ్గరి తండా నుంచి వంటకు వచ్చిన అక్క, నేను. వాగు పొంగి దారి తెగింది. రెండో రోజుకు బియ్యం అయిపోయాయి.

"పూరేడు పిట్టల చారు తాగితే మేస్త్రి లేస్తడు," అంటూ అక్క తన సవరం విప్పి, ఉచ్చుల కోసం వెంట్రుకలు పేనసాగింది. (అడవిలో పిట్టల్ని పట్టడం చట్టరీత్యా నేరమని నాకు చాలా తర్వాత తెలిసింది.) నేను ఊరుకుంటానా? టేపు తీసి, పిట్ట తల ఇంత, మెడ ఇంత అని ఊహించి, పుస్తకంలో 'పన్నెండు' అని రాసుకుని, దారంతో కచ్చితంగా రెండంగుళాల ఉచ్చులు కట్టి, ఆరడుగులకొకటి చొప్పున పెట్టాను. అక్క పెట్టినవి మూడే. గడ్డిలో పిట్టలు నడిచిన సన్నని జాడ వెతికి, అటూ ఇటూ ఎండుపుల్లలు గుచ్చి, మధ్య సందులో ఉచ్చు నిలబెట్టింది. అడ్డం చూసి పిట్ట ఎగరదట, సందు వెతుక్కుంటుందట.

"గదేంది తమ్మీ, మిరప నారు నాటినట్టు పెట్టినవ్?"

"లెక్క ప్రకారం పెట్టిన అక్కా."

"నీ లెక్క పిట్టకెరుకనా?"

తెల్లారేసరికి ఆమె మూడింటిలో రెండు పిట్టలు. నా వరుసలో ఒక ఎండుటాకు. (ఉచ్చు మాత్రం బాగా బిగిసింది.) మేస్త్రికి చారు పోశాక నేనూ గ్లాసు చాపాను.

"నీ ఉచ్చులన్ని తీసినవా? ఒక్కటి మర్సినా గది ఉత్తపుణ్యానికి ఏదో పాణం తీస్తది. పెట్టినోడే తియ్యాలె. అన్ని తెచ్చినంకనే నీకు చారు."

తెచ్చాను. పదకొండే! మళ్లీ పోయి, చివరి ఆరడుగులూ మోకాళ్ల మీద పాకుతూ మూడుసార్లు వెతికాను. గాలి చారు వాసనను నా వైపే తోలుతోంది. ఇక ఓపిక లేక తిరిగొచ్చి ఆమె ముందు నిలబడ్డాను.

"పన్నెండోది లేదక్కా."

"మరి నీ జేబుల ఏలాడుతున్నదేంది?"

దారం! పొడవు చాలక ముడి పడని పన్నెండో ముక్కను జేబులో కుక్కుకుని, పుస్తకంలో రాసింది కొట్టేయడం మరిచాను. మేస్త్రి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "నవ్విండంటే జెరం దిగినట్టే," అని అక్క నా గ్లాసు అంచుదాకా నింపింది.

ఇప్పుడు మహబూబాబాద్ చుట్టుపక్కల పొలం కొలతల్లో తేడా వస్తే నన్నే పిలుస్తారు. కానీ ఆమె ఉచ్చు ఎంత వెడల్పో, నేలకు ఎంత ఎత్తో నాకీ రోజుకూ తెలియదు. కనిపించిందల్లా కొలిచిన ఆ కుర్రవాడు, కొలవాల్సిన ఆ ఒక్కదాన్నీ వదిలేసి గ్లాసు నాకుతూ కూర్చున్నాడు. వాడి మీద కోపం రాదు. పాపం, ఆకలి మీదున్నాడు.