నవమి నాడు కటింగ్ ప్లేయర్

జీతాలు చేతికొచ్చిన కొత్తల్లో మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. కంటికి నచ్చిందల్లా ఇంట్లో లేకపోతే బతుకే వెళ్లదనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు ఆ జబ్బు బాగా ముదిరి ఉండేది. హైటెక్ సిటీలో ఉద్యోగం, కొండాపూర్‌లో కిరాయి ఫ్లాటు, చేతిలో ఫోను, ఫోనులో ప్రపంచంలోని దుకాణాలన్నీ. అట్లా ఒకరోజు మా గుమ్మంలో నారింజ రంగు డబ్బా ఒకటి దిగింది. బ్యాటరీతో తిరిగే స్క్రూడ్రైవరు! చేతికి మెత్తగా తగిలే రబ్బరు పిడి, ముక్కు దగ్గర చిన్న లైటు, మూత తీస్తే వరసగా పేర్చిన రకరకాల మొనలు (నగల దుకాణంలో కమ్మలు చూపించే పెట్టె గుర్తొచ్చేది). దాంతో ఏం బిగించాలో నాకు తెలియదు. మా ఇంట్లో వదులైన స్క్రూ ఒక్కటీ లేదు. అయినా రోజూ సాయంత్రం దాన్ని చేతిలో పట్టుకుని జుయ్ జుయ్ అని తిప్పుతూ టీవీ చూసేవాణ్ని.

మా నాన్న మూసాపేట దగ్గర ఒక షెడ్డులో ఫిట్టరు. బోరబండ ఇల్లు ఖాళీ చేసి నా దగ్గరికి వచ్చినప్పుడు బట్టల కంటే ముందు ఆయన పనిముట్ల పెట్టె వచ్చింది. లిఫ్టులో ఆ ఇనుప పెట్టె ఎక్కింది, మేం ముగ్గురం మెట్లెక్కాం. "ఇక్కడ ఇవన్నీ ఎందుకు నాన్నా, ఏం పాడైనా ఫోన్ చేస్తే మనిషొస్తడు" అన్నాను ఆయాసపడుతూ. "రానీ బిడ్డా, వస్తే కూసోబెట్టి చాయ్ తాపుదాం" అన్నాడు. ఆ పెట్టెలో ఆయన ప్రాణం ఒక కటింగ్ ప్లేయర్. పిడి మీది రబ్బరు ఏనాడో ఊడిపోయింది, వేళ్లు పడే చోట ఇనుము అరిగి అద్దంలా మెరుస్తుంది. అది ఆయన చేతికి అలవాటైంది, ఇంకెవరు పట్టుకున్నా అరచేతిని కొరికేస్తుంది. నా నారింజ డబ్బాను ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేంది, పనిముట్టా, ఆటసామానా?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. డిజైన్ గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. రోజంతా వాడినా చెయ్యి నొప్పి పుట్టదన్నాను. "చెయ్యి నొప్పి పుట్టకుంటే పని అయిందని ఎట్ల తెలుస్తది?" అన్నాడాయన, నిజంగానే తెలుసుకుందామన్నట్టు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఆఫీసులో నా వరసలోనే కూర్చునే కడప అమ్మాయి ఒకామె ఉండేది. (ఇప్పుడు ఇది రాస్తుంటే నా భుజం మీంచి తొంగిచూసి 'నన్ను ఉండేది అంటావా' అని గిల్లింది కూడా ఆమే.) మేమిద్దరం ఒకర్నొకరం ఇష్టపడ్డాం. మా అమ్మానాన్నలు ఒప్పుకున్నారు. ఎటొచ్చీ వాళ్ల నాయన దగ్గరే బండి ఆగింది. ఆయన కోపిష్టి మనిషి. "ఒకపారి వచ్చి ఆ ఇల్లూ, ఆ మనుసుల్నీ చూస్తా. నా మనసుకు పట్టకపోతే ఇంక ఈ మాట ఎత్తగూడదు" అని కూతురి చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆమె ఒట్టంటే ఒట్టే, నాకు తెలుసు. అంటే ఆయన మా ఇంట్లో ఉండే ఆ కాసేపట్లో మా ఇద్దరి బతుకూ తేలిపోవాలి. దసరా సెలవులు కాబట్టి మహర్నవమి నాడు వస్తామన్నారు.

నవమి అంటే మా ఇంట్లో ఆయుధ పూజ. పొద్దున్నే నాన్న తన సుత్తెలూ పానాలూ ఆకురాళ్లూ అన్నీ కడిగి తుడిచి, అమ్మవారి పటం ముందు ఎర్రగుడ్డ మీద పేర్చి, ఒక్కొక్కదానికి పసుపూ కుంకుమా పెట్టాడు. ఒకసారి బొట్టు పెట్టాడా, మర్నాడు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా వాటిని ముట్టడానికి లేదు. ఏడాదంతా దెబ్బలు తిన్న ఇనుముకు ఒక్కరోజు సెలవు అనేవాడు. మా ఆఫీసులోనూ లాప్‌టాప్‌లకు బొట్లు పెడతారు గాని, కొబ్బరిముక్క నోట్లో ఉండగానే మేనేజరు మెయిల్ పెట్టేస్తాడు. ఆ ముచ్చట చెప్తే నాన్న "మరి దండం పెట్టుడెందుకు?" అన్నాడు. నేను నా డబ్బా తెచ్చి దీనిక్కూడా బొట్టు పెట్టు నాన్నా అన్నాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, "ఇది ఇంకా పనే చెయ్యలేదు గద, సెలవెట్ల ఇస్తం?" అని పక్కన పెట్టేశాడు.

వాళ్లిద్దరూ పదకొండింటికల్లా వచ్చారు, తండ్రీ కూతురూ. పెద్దాయన తెల్ల పంచె, తెల్ల చొక్కా, మొహంలో నవ్వన్నది లేదు. సోఫా అంచున కూర్చుని గోడలు చూశాడు, కిటికీలు చూశాడు, నన్ను కూడా ఇంకో కిటికీలాగే చూశాడు. అమ్మ గారెలు పెడితే తినలేదు. "కాళ్లు కడుక్కోని వస్తా" అని బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ తలుపులు బిల్డరు ముచ్చటపడి పెట్టించినవి, వంపులు తిరిగిన వెండిరంగు హ్యాండిలు. కాసేపటికి లోపల హ్యాండిలు కటకటమంది. మళ్లీ కటకటమంది. నేను పరుగున వెళ్లి బయటి హ్యాండిలు తిప్పాను. బొంగరంలా గిరగిర తిరిగింది గాని తలుపు కదల్లేదు. "ఏమప్పా, మీ ఇంట్లో వచ్చినోళ్లని ఇట్లనే పెట్టుకుంటారా?" అని లోపల్నుంచి గొంతు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

వాచ్‌మన్‌ను పిలిచాం, ప్లంబరుకు చేశాం, కార్పెంటరుకు చేశాం. ఎవరిని అడిగినా ఒకటే జవాబు, "సామాన్లు పూజల ఉన్నయి సార్, రేప్పొద్దుగాల వస్తం." ఆ రోజు హైదరాబాద్‌లో పానా అన్నది ఎక్కడున్నా బొట్టు పెట్టుకుని కూర్చుని ఉంది. బొట్టు లేనిది ఒక్కటే, నా నారింజ డబ్బా! నాలో వీరుడు నిద్రలేచాడు. ఆమె చూస్తుండగా డబ్బా తెరిచాను. హ్యాండిలు మెడ కింద గోరంత చిన్న స్క్రూ, దానికి ఆరు మూలల రంధ్రం. సరిగ్గా సరిపోయే మొన నా దగ్గరుంది. "చూశావా నాన్నా, నీ పెట్టె మొత్తం వెతికినా ఇది దొరకదు" అని కూడా అన్నాను (అనకుండా ఉండాల్సింది). మొన దూర్చి మీట నొక్కాను. జుయ్ మంది. కిర్రుమంది. తర్వాత టప్ మని స్క్రూడ్రైవరు మెడ చిట్లి రెండు ముక్కలైంది. మొన మాత్రం స్క్రూలోనే నిలబడిపోయింది. నా చేతిలో రబ్బరు పిడి మిగిలింది. దాని లైటు మాత్రం బ్రహ్మాండంగా వెలుగుతోంది.

"ఆ మొనను ప్లేయర్‌తో పట్టుకుని తిప్పితే?" అంది ఆమె మెల్లగా. అంతే, అందరి కళ్లూ ఒక్కసారి అమ్మవారి పటం వైపు తిరిగాయి. నాన్న మొహం మాడిపోయింది. "అది పూజల ఉన్నది బిడ్డా" అన్నాడు. నేను బతిమాలాను, అమ్మ కసిరింది. ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఒకపక్క ఎన్నో ఏళ్లుగా తప్పని నియమం, ఇంకోపక్క కొడుకు పెళ్లి. అప్పుడు తలుపు వెనక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఏందీ, ఆయుధ పూజలో పెట్టినారా? అయితే ముట్టుకోగాకండి! తీస్తే మటుకు నేను ఊరుకోను. రేపటిదాకా ఈడనే ఉంటా, నాకేం?"

మేం నోళ్లు వెళ్లబెట్టాం. నాన్న మెల్లగా వెళ్లి తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "మీ ఇంట్ల గూడ చేస్తరా?" అని అడిగాడు. చెయ్యకేం! పెద్దాయనకు ట్రాక్టరు ఉంది, దాని పానాలు వాళ్ల నాయన నాటివి. "ఆ పొద్దు కొన్న పానా ఇంగా అట్లనే ఉండాది సామీ. మొన్న మా అల్లుడొకడు కొత్త సెట్టు తెచ్చినాడు, ఒక్క నట్టు ఇప్పేలోపల నోరు తెరుచుకుండె." నాన్నకు ప్రాణం లేచొచ్చింది. "గిప్పటి ఇనుముల దమ్ము లేదు" అని ఈయన, "తూకం యాడుందీ, చేతిలో ఉంటే ఉన్నెట్టే ఉండదు" అని లోపల్నుంచి ఆయన. మధ్యలో తలుపు. నేను వెలుగుతున్న పిడి పట్టుకుని అక్కడే నిలబడ్డాను, మీట ఎన్నిసార్లు నొక్కినా దాని లైటు ఆరక. అమ్మ వెంటిలేటరు దగ్గరికి వెళ్లి "చాయ్ అందియ్యాల్నా అన్నా?" అని అడిగితే, "వద్దు తల్లీ, ఈడ తాగేది కాదు, బయటికొచ్చినాక గారెలతో తాగుతా" అన్నాడు. గారెలు తింటానన్నాడని నేను సంబరపడేలోపే అసలు మాట వచ్చింది. "నువ్వేం ఇబ్బంది పడొద్దు బావా. నాకు ఈడ కుర్చీ లేదనే గానీ, ఇంకేం తక్కువ లేదు."

బావా! ఆ మాట విని ఆమె నా చెయ్యి పట్టుకుంది, పెద్దవాళ్ల ముందే. వియ్యంకుణ్ని తప్ప ఇంకెవర్ని అట్లా పిలుస్తాడు ఆయన! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, ఏడవాలని కూడా అనిపించింది. నాన్న లేచాడు. చేతులు కడుక్కుని పటం ముందు నిలబడి దండం పెట్టాడు. "అమ్మా, మా బావ లోపల ఉన్నడు" అన్నాడు, ఇంట్లో పెద్దదిక్కుతో చెప్పినట్టు. కర్పూరం వెలిగించి, కటింగ్ ప్లేయర్‌ను కళ్లకద్దుకుని తీశాడు. లోపల్నుంచి "తీయగాకు బావా, తప్పు" అని పెద్దాయన ఒకటే కేకలు. "ఊకో బావా. నాకు పనిముట్లు మస్తున్నయి, బావవు నువ్వొక్కనివే" అన్నాడు నాన్న. నా మొనను ఆయన ప్లేయర్ కరిచిపట్టింది. ఒక్క తిప్పు తిప్పితే స్క్రూ వదులైంది, హ్యాండిలు ఊడొచ్చింది. లోపలున్న ఇనుప కడ్డీని అదే ప్లేయర్‌తో తిప్పితే తలుపు తెరుచుకుంది.

పెద్దాయన బయటికొచ్చి నన్ను చూడలేదు, కూతుర్ని చూడలేదు. "ఏదీ, ఆ ప్లేయరు ఇట్లియ్యి" అని తీసుకుని, తెరిచీ మూసీ చూసి, కళ్లకద్దుకుని, తనే తీసుకెళ్లి ఎర్రగుడ్డ మీద దాని చోట్లో పెట్టాడు. తర్వాత గారెలు తిన్నాడు. పళ్లెం ఖాళీ చేసి, "ముహూర్తాలు ఎవరు చూపిస్తారు, మీరా, మేమా?" అని అడిగాడు.

ఇప్పుడు మా మామ ఎప్పుడొచ్చినా బాత్రూం తలుపు దగ్గరికి వేసి లోపల గట్టిగా దగ్గుతుంటాడు, పూర్తిగా మాత్రం మూసుకోడు. పిల్లలు నవ్వుతారు. నారింజ డబ్బా అటక మీద ఉంది. నిరుడు సర్దుతూ మూత తీశాను, మొనలన్నీ వరసగా మెరుస్తూ ఉన్నాయి, ఒక్క గుంట మాత్రం ఖాళీ. వెలుగుతున్న పిడి చేతిలో పట్టుకుని బిక్కమొహం వేసిన ఆ పిలగాడు కళ్ల ముందుకొచ్చాడు. అరె, ఫికర్ చెయ్యకు, నీ సామాను కూడా పనికొచ్చిందిరా అని వాడికి చెప్పాలనిపించింది. ఆ ఖాళీ గుంటలోది ఎక్కడుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ప్రతి నవమికీ నాన్న దాన్ని తన పనిముట్ల పెట్టెలోంచి బయటికి తీసి, కడిగి, కటింగ్ ప్లేయర్ పక్కన పడుకోబెట్టి బొట్టు పెడతాడు. గోరంత మొన అది. ఆయన పెట్టే బొట్టులో అసలు కనిపించనే కనిపించదు.