ఉన్నికోటులో బొచ్చుపురుగు

1979లో నేను అమలాపురంలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అటెండర్‌ని. సూదులు గుచ్చి ఎండబెట్టిన సీతాకోకచిలుకలుండే ఇన్‌సెక్ట్ బాక్సులు తుడిచి, నాఫ్తలీన్ ఉండలు మార్చడం నా పని. ఆ ఘాటు వాసన తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. అప్పటికి నాకు అక్షరాలు రావు. పురుగులను రూపం చూసే గుర్తుపెట్టుకునేదాన్ని.

ఆ బాక్సుల్లోని సీతాకోకచిలుకలను తినేసేది కార్పెట్ బీటిల్ లార్వా, అంటే ఒక చిన్న పెంకుపురుగు పిల్ల. ఉన్ని, పట్టు, ఈకలు కూడా తింటుంది. మా లెక్చరర్ మేడం గారు లెన్సులో చూపించారు. బియ్యపుగింజ కన్నా చిన్నది. ఒంటినిండా బొచ్చు, గోధుమరంగు చారలు, తలవైపు సన్నం, వెనక వెడల్పు. కదిపితే తోక దగ్గరి వెంట్రుకలు విసనకర్రలా విప్పుతుంది.

ఆ వానాకాలం మా పక్కింటి చాకలి నూకాలమ్మ ఏడుస్తూ వచ్చింది. రిటైరైన హెడ్మాస్టరు గారి పెళ్లినాటి ఉన్నికోటుకు చిల్లులు పడ్డాయి. ఆమె సోడా ఎక్కువ వేసి పాడుచేసిందని మేష్టారి భార్య సుగుణమ్మ గారు వీధంతా చెప్పారు. కొన్ని ఇళ్లవాళ్లు అప్పుడే బట్టలు వేయడం మానేశారు. నూకాలమ్మ నన్ను మేష్టారింటికి తోడు తీసుకెళ్లింది.

కోటు మడతల్లో పురుగు విడిచిన బొచ్చుపొట్టు కనబడింది. కాలరు కింద ఒకటి కదిలింది.

"చిమ్మటేమో," అన్నారు మేష్టారు.

"చిమ్మట పిల్ల తెల్లగా, నున్నగా ఉంటదండి. దీని బొచ్చు చూడండి," అని పుల్లతో కదిపాను. వెంట్రుకలు విప్పింది.

"ఆయ్, నా కోటు తిని పెళ్లికొడుకులా ముస్తాబయ్యిందే," అని ఆయన నవ్వారు.

సుగుణమ్మ గారు నవ్వలేదు. "ఇన్నేళ్లు లేంది ఇప్పుడెలా వచ్చింది? ఈ నూకాలమ్మ మూటలోంచే వచ్చుంటాది."

 కోటు పెట్టె ఎక్కడుంటుందని అడిగాను. వసారాలో ఉంది. పిచ్చుకల కోసం ఏటా కోతలప్పుడు కట్టే వరికంకుల కుచ్చు దాని పక్కనే వేలాడుతోంది. కంకులు తినడానికొచ్చిన పిచ్చుకలు పెట్టెకు సరిగ్గా పైన, దూలం మీద గూడు కట్టుకున్నాయి. పిల్లలు ఎగిరిపోయిన గూడు. దింపి కాగితం మీద దులిపితే, ఈకల మధ్య అవే చారల పురుగులు.

అంతవరకు గుమ్మం బయటే నిలబడిన నూకాలమ్మ మెల్లగా అంది. "నా మూటలో పిచ్చుకలు గూడెట్టలేదండమ్మగారూ."

 కుచ్చు తీసేయాలా అని సుగుణమ్మ గారు నన్నడిగారు. వద్దండి, పెట్టె జరిపితే చాలన్నాను. మర్నాడు ఆవిడే బట్టలమూట తెచ్చి, వీధిలో అందరూ చూస్తుండగా నూకాలమ్మ చేతికిచ్చారు.

పురుగును పోల్చుకుంటే పని అయిపోయిందనుకునేదాన్ని. అక్కడితో ఆగి ఉంటే నింద మూట మీదే మిగిలేది. ఆ తర్వాత ఏ బాక్సులో పురుగు కనబడినా, ఎక్కడినుంచి వచ్చిందో చూశాకే మూత పెట్టేదాన్ని.