అడుగు జాగా

ఆ పెట్టె మూత విప్పినప్పుడు లోపల పొడిగానే ఉంది. ముందు ఈ మాట చెప్పేయాలి. లేకపోతే మిగతాదంతా ఏదో పొరపాటు కథలా సాగిపోతుంది.

విజయనగరంలో ఒక చిన్న కంపెనీలో సి భాషలో ప్రోగ్రాములు రాస్తాను. శ్రీకాకుళం తీరంలో వేటకు వెళ్ళే పడవల కోసం మేమొక పెట్టె తయారుచేశాం. ఉపగ్రహం ద్వారా తుఫాను హెచ్చరిక అందగానే దాని హారన్ మోగాలి. లోపల నాలుగు పనులు ఒకేసారి నడుస్తుంటాయి. ఒకటి సందేశం అందుకుంటుంది, ఒకటి తెర మీద చూపిస్తుంది, ఒకటి రాసి దాస్తుంది, ఒకటి హారన్ మోగిస్తుంది. వీటినే థ్రెడ్లంటాం. ఒక్కో థ్రెడ్‌కు తన పని చేసుకోవడానికి మెమరీలో కొంత జాగా కావాలి. దాని పేరు స్టాక్. అది ఎంత ఉండాలో ప్రోగ్రాం రాసేవాడు నిర్ణయించవచ్చు.

మాది శృంగవరపుకోటలో కిరాణా దుకాణం. పొట్లానికి ఎంత కాగితం చింపాలో మా నాన్న సరుకు చూడగానే చెప్పేస్తాడు, వేలెడు ఎక్కువ పోనివ్వడు. నాకూ అదే పొగరు. పెట్టెలో మెమరీ తక్కువ కదా అని ఒక్కో థ్రెడ్‌కు పదహారు కిలోబైట్లే ఇచ్చాను. మామూలుగా స్టాక్‌కూ స్టాక్‌కూ నడుమ కాపలాగా కొంత ఖాళీ ఉంటుంది. ఒకటి పొంగితే ప్రోగ్రాం అక్కడే ఆగిపోయి తప్పు బయటపడుతుంది. అదీ దండగ అనిపించి సున్నా చేసేశాను. ఇంగ్లీషులో పొట్టి సందేశాలు పంపి చూస్తే ప్రతిసారీ మోగింది. వారం రోజులు ఆఫీసులో కాలర్ ఎగరేసుకు తిరిగాను.

పరీక్షగా ఒక రేవులో ఒక్క పడవకే పెట్టె ఇచ్చాం. పడవ నడిపే పెద్దాయనకే దాన్ని అప్పగించాం. అసలు హెచ్చరిక వచ్చిన రోజు మిగతా పడవలు ఒడ్డు నుంచి ఫోన్లు అందుకుని తిరిగొచ్చేశాయి. ఈ పడవ ఫోను అందనంత దూరంలో ఉంది. పెట్టె మోగలేదు కదా అని వాళ్ళు మరోసారి వల వేశారు. ప్రాణాలతో బయటపడ్డారు గానీ వల పోయింది, ఒకాయన చెయ్యి విరిగింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి రేవులో అందరూ పోగయ్యారు. పెట్టె మీద పాలిథీన్ కవరు, దాని మీద సైకిలు ట్యూబు ముక్క బిగించి కట్టి ఉన్నాయి. కట్టింది పెద్దాయనే. విప్పి చూశాను. చుక్క తడి లేదు, ఎక్కడా తుప్పు లేదు. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. ఉప్పునీళ్ళు పోయాయని, మూత సరిగా బిగించలేదని చెప్పాను. ఎందుకు చెప్పానంటే భయపడి చెప్పాను, అంతే.

"నాను ఏనాడూ మూత తీసి ఒగ్గీలేదు బావూ" అన్నాడాయన ఒక్కసారే. లాప్‌టాప్ ఉన్నది నా చేతిలో కాబట్టి ఎవరూ ఆయన మాట పట్టించుకోలేదు.

తొమ్మిది రోజుల తర్వాత తప్పు దొరికింది. ఆ హెచ్చరిక తెలుగులో, ఊళ్ళ పేర్లన్నిటితో చాంతాడంత ఉంది. తెలుగులో ఒక్కో అక్షరానికి ఇంగ్లీషు అక్షరం కన్నా ఎక్కువ చోటు పడుతుంది. నేనేమో సందేశం ఎంత పొడుగుంటే అంత జాగా స్టాక్‌లోనే తీసుకునేలా రాశాను. రాసి దాచే థ్రెడ్ స్టాక్ పొంగి పక్కనున్న హారన్ థ్రెడ్ జాగాలోకి పోయింది. నడుమ కాపలా లేదు కాబట్టి హారన్ పని చడీచప్పుడు లేకుండా పాడైంది. స్టాకులు పెంచాను, కాపలా మళ్ళీ పెట్టాను. మార్పుల పట్టికలో "చిన్న సవరణలు" అని రాసి ఊరుకున్నాను.

తర్వాత ఊళ్ళో పడవలన్నిటికీ పెట్టెలు పెట్టడానికి వెళ్ళినప్పుడు పెద్దాయన పడవ మీద లేడు. పడవ వాళ్ళే ఆయన్ని దిగిపొమ్మన్నారట. ఒడ్డున పాక కింద కూర్చుని ఇంకొకరి వల బాగుచేస్తున్నాడు. నన్ను చూసి మంచినీళ్ళిచ్చాడు. ఆ గ్లాసు ఖాళీ చేయడానికి సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఏమీ చెప్పలేదు.

నాలుగు నెలలు పట్టింది నాకు. పడవలన్నీ వేటలో ఉండే మధ్యాహ్నం చూసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. తప్పు నాదేనని, నాలుగు పనులకు జాగాలు పంచి నడుమ ఖాళీ ఉంచలేదని చెప్పాను. ఆయనకు అర్థం కావడానికి నిమిషం పట్టలేదు.

"మేం సేపలు వాటాలేసినప్పుడు కుప్పకీ కుప్పకీ మద్దెన అడుగు జాగా ఒగ్గుతాం. నేకపోతే జారి కలిసిపోతాయి. నువ్వు ఒగ్గలేదేటి?"

ఒగ్గలేదన్నాను. పెట్టె లోపల ఆ రోజు పొడిగానే ఉందని కూడా చెప్పాను. చెప్పేశాక గుండె తేలికైనట్టే అనిపించింది. ఆయన బాగుచేస్తున్న వల పక్కన పెట్టాడు.

"ఇక్కడెందుకు సెప్తన్నావు బావూ? నువ్వు నన్నన్నది రేవులో, అందరి ముందరా. సాయంత్రం పడవలొస్తాయి. కూసో, ఆళ్ళకి సెప్పు."

ఆఫీసులో పనుందన్నాను. నిజానికి ఆ రోజు సెలవు పెట్టి వచ్చాను. నా బండి తిప్పుకోవడానికి అడ్డంగా ఉన్న వలను ఆయన లేచి పక్కకు లాగాడు.

ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఆ రేవు పేరు రాయలేదు, ఆయన పేరు రాయలేదు, నా పేరూ రాయలేదు. ఆ పడవ వాళ్ళెవరూ ఇది చదవరని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.