కొత్తేముందనే విశ్వేశ్వరరావు సారు

విశ్వేశ్వరరావు సారుకు లోకంల ఏది సూపెట్టినా ఒక్కటే మాట: "ఇందులో కొత్తేముంది?"

పొద్దు పొడుస్తది గదా, దాన్ని సూసి గూడ అంటడు. నేను నా చెవులతోని విన్న.

నేను కొండాపూర్ అడ్డా మీద కూలికి నిలబడేటోన్ని. పేరు కొమురయ్య. బడి నాలుగో తరగతిలనే ఇడిశిపెట్టిన, నడుమునొప్పి మాత్రం ఇప్పటిదాంక ఇడువలే. అప్పుడు మాదాపూర్ల కంప్యూటరోళ్ళ పెద్ద టవరు లేస్తుండె. అందరు ఆడికే ఉరుకుతుండ్రు. నన్ను మాత్రం ఈ సారు ప్రహరీగోడ కట్టాలె రమ్మని తోల్కపోయిండు. గోడ సగం లేసినంక మంచిగొచ్చిందని మురిసిపోయి పిలిచిన.

"సారు, జర సూడుండ్రి."

సారు కండ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకొని గోడ సుట్టు తిరిగిండు. "ఇటుక మీద ఇటుక పెట్టావు. మధ్యలో మట్టి మెత్తావు. ఇందులో కొత్తేముంది కొమురయ్యా? ఇది మొహెంజొదారోలోనే కట్టారు."

"అది ఏ బస్తి సారు? మియాపూర్ అవుతలనా?"

"ఇంకా అవతల."

"ఆడ కూలి ఎట్లుంటది సారు?"

సారు నవ్వలే. ఆలోచన చేసిండు. "అది ఎక్కడా రాసి లేదు," అన్నడు.

గోడ అయిపోయినంక గూడ సారు నన్ను ఇంటి పనులకు ఉంచుకున్నడు, అప్పుడు ఎర్కయింది నాకు. సారు మద్రాసుల పేటెంటాఫీసుల పనిచేసి రిటైరయిండట. ఎవలన్న కొత్త మిషిని కనిపెట్టినమని కాయితాలు ఏస్తే, అది నిజంగ కొత్తదా, ఇంతకుముందే ఎవలన్న చేసిండ్రా అని పరీక్ష పెట్టుడే ఆయన కొలువు. కొలువు ఇడిసినా అలవాటు ఇడువలే. పోలీసాయన ఇంటికొచ్చినంక గూడ పెండ్లాం జేబులు తడిమినట్టు.

పాపం సారు ఇంటామె భ్రమరాంబమ్మ! గోదావరి దిక్కు మనిషి, వంట చేస్తే వీధి మొత్తం వాసనొస్తది. ఒకనాడు పచ్చడి చేసి నాకు ఇంత పెట్టి, సారుకు ఇంత ఏసింది.

"బీరపొట్టు పచ్చడి. ఇందులో కొత్తేముంది?" అన్నడు సారు, ముద్ద నోట్లనే పెట్టుకొని.

"నువ్వుల బదులు పల్లీలు వేశానండి."

"తెలిసినదాని బదులు తెలిసిన ఇంకోటి వేస్తే కొత్తదైపోదు భ్రమరా."

"అలాగా? అయితే తెలిసిన ఆకలితోనే కూర్చోండి," అని కంచం గుంజుకపోయింది.

సారు చెయ్యి గాలిలనే ఉండిపోయింది. "ఇది మాత్రం ఇంతకుముందు జరగలేదు," అన్నడు నాతోని మెల్లగ.

కూరగాయల ఈరమ్మ ఇంకా గట్టిది. ఆమె గంపల ఒక్కొక్క వంకాయ తీసి ఇందులో కొత్తేముంది, ఇందులో కొత్తేముంది అంటుంటే, "సారూ, కొత్తది కావాల్నంటే నీ పెరట్ల మొలిపించుకో. నా వంకాయకు తొడిమ, ముల్లు, పుచ్చు, అన్ని మా తాతల కాడి నుంచి ఉన్నయే" అని గంప నెత్తిన పెట్టుకున్నది.

మా బిడ్డ ప్రవళికకు కొడుకు పుడితే, నా పెండ్లాం యాదమ్మ ఎత్తుకొచ్చి సారుకు సూపెట్టింది. వద్దే అని మొత్తుకున్న. వినలే. సారు పిలగాన్ని అటు తిప్పి ఇటు తిప్పి సూసి, "ముక్కు కొమురయ్యది. చెవులు వాళ్ళ నాన్నవి. ఏడుపు అందరిదీ," అన్నడు. యాదమ్మ వారం దినాలు ఆ గేటు దిక్కు మొకం పెట్టలే.

గట్లాంటి ఇంట్లకు, సూడుండ్రి వాళ్ళ తలరాత, కొత్తది కనిపెట్టినోళ్ళే కిరాయికి దిగిండ్రు.

నీహారికమ్మ, లోహిత్ సారు. ఇద్దరు ఇంజనీర్లు, కలిసి సదువుకున్నోళ్ళు. కింది రెండర్రలు తీసుకొని కంప్యూటర్లు పెట్టిండ్రు. మంచి నౌకరీలు ఇడిసిపెట్టి ఒక గ్లౌజు చేసిండ్రు. ఆ ముచ్చట నాకు సమజయిన కాడికి చెప్త. కంప్యూటర్ల ఒక బంతి ఉంటది, ఒక గోడ ఉంటది. రెండు ఉత్తయే, పట్టుకుందామంటే దొరకయి. గ్లౌజు తొడుక్కొని ఆ ఉత్త బంతిని ఉత్త గోడకు కొడితే, దెబ్బ మాత్రం మన చేతికి నిజంగ తెలుస్తది. మెసేజి వస్తే జేబుల వణికే పేజర్లు ఉండె గదా అప్పుడు, లోపట వాటి అసొంటి మోటర్లు ఉన్నయి, సన్నయి, పెసరగింజలంత. మొదటిసారి నా చేతికి తొడిగితే కంప్యూటర్ల బంతి పోయి గోడకు తాకింది, నేను "అయ్యో నా గోడ" అన్న.

దీని మీద రెండేండ్ల కిందనే మద్రాసుల పేటెంటుకు కాయితాలేసిండ్రట. ఇప్పుడు ఆడికెల్లి జవాబొచ్చింది. గిట్లాంటి గ్లౌజు వేరే దేశంల ముందే ఉన్నది, మీది ఎట్ల వేరో వచ్చి చెప్పుండ్రి, లేకుంటే ఫైలు బంద్ అని. పేటెంటు వస్తేనే పైసలు పెడతనని ఒక సేటు మాటిచ్చిండు. రాకుంటే దుకాణం మూసుడు, మళ్ళ నౌకరీలకు పోవుడు. నీహారికమ్మ మొకం ఎండిపోయింది.

లోహిత్ సారు ఉరికిపోయి విశ్వేశ్వరరావు సారును పట్టుకున్నడు. "అంకుల్, మీరు అదే ఆఫీసులో పనిచేశారుగా. ఏం చెప్పాలో కాస్త చెప్పండి."

"చెప్పను," అన్నడు సారు. "నేను ఆ బల్లకు అటువైపు కూర్చున్నవాణ్ణి. ఇప్పుడు ఇటువైపు కూర్చుని జవాబులు అందించడం తప్పు."

"పోనీ, రాసిచ్చింది చూసి పెట్టండి."

"చూడను."

"మరేం చేస్తారండీ?"

"అడుగుతాను. అద్దెకిచ్చినవాడికి అడిగే హక్కుంది," అని కుర్చీ గుంజుకొని కూసున్నడు. "ఇందులో కొత్తేముంది?"

ఇగ షురువైంది. రోజు సాయంత్రం కాఫీ గిలాస పట్టుకొని కిందికి దిగుడు, కూసునుడు, అడుగుడు.

"చేతికి తగిలినట్టు తెలుస్తుంది అంకుల్," అన్నది నీహారికమ్మ.

"పేజరు వణుకుతుంది. ఇది వణుకుతుంది. కొత్తేముంది?"

"పేజర్ ఒకేలా వణుకుతుంది. మాది ఇనప బంతికి ఒకలా, స్పాంజి బంతికి ఒకలా."

"తలుపు కొడితే ఒక చప్పుడు, డోలు కొడితే ఒక చప్పుడు. లోకంలో ఉన్నదే."

"ఇంత చిన్న మోటార్లతో ఎవరూ చేయలేదు."

"పెద్ద ఏనుగును చిన్నది చేస్తే పిల్ల ఏనుగు. కొత్త జంతువు కాదు."

లోహిత్ సారు బయటికి ఉరికి తన నెత్తి తనే ప్రహరీగోడకు కొట్టుకున్నడు. అది నేను కట్టిన గోడనే. ఏం గాలే, గోడకు.

"ఖాళీ చేసేద్దాం నీహారికా! ఈయన ఓనరా, శత్రువా?"

భ్రమరాంబమ్మ పకోడీల పళ్ళెం పట్టుకొని వచ్చింది. "తిను నాయనా. ఇంట్లో ఓడిపోతే పకోడీ పెడతారు. అక్కడ ఓడిపోతే ఫైలు మూసేస్తారు," అన్నది. ఆ మాట ఆనాడు ఎవ్వలం పట్టించుకోలే. పకోడీలు మాత్రం పట్టించుకున్నం.

ఒకనాడు సారు నా కండ్లకు తువ్వాల కట్టిపిచ్చిండు. నా చేతికి గ్లౌజు. కంప్యూటర్ల బంతి పోతది, తాకినప్పుడు నేను "ఆ" అనాలె. బంతి పోయింది. "ఆ" అన్న. ఇంకోటి. "ఆ." సారు కాఫీ కింద పెట్టిండు.

"అమ్మాయీ, అక్కడ బంతి తగిలీ తగలగానే వీడు అరుస్తున్నాడు. రెప్పపాటు కూడా తేడా లేదు. మోటారు తిరగడానికి సమయం పట్టదా?"

"పడుతుంది అంకుల్. అందుకే బంతి ఎప్పుడు తగులుతుందో ముందే లెక్కేసి, తగలకముందే మోటార్ స్టార్ట్ చేస్తాం. అదో చిన్న ట్రిక్. కాయితాల్లో చివర్న ఎక్కడో రాశాంలెండి."

"అది తీసేసి కొట్టు."

లోహిత్ సారు ఏందో టకటక కొట్టిండు. ఈసారి బంతి పోయి, గోడకు తాకి, సగం దూరం ఎనకకు వచ్చినంక నేను "ఆ" అన్ననట. అందరు నవ్విండ్రు.

"పెళ్ళయ్యాక శుభలేఖ వచ్చినట్టుంది," అన్నడు సారు. మళ్ళ నీహారికమ్మ దిక్కు తిరిగి, "ఆ ట్రిక్ ఇంకెవరు చేశారు?" అని అడిగిండు.

"ఎవరైనా చేస్తారు అంకుల్, అదేం పెద్ద..."

"ఎవరు? పేరు చెప్పు."

నీహారికమ్మ నోరు తెరిసింది. పేరు రాలే. లోహిత్ సారు దిక్కు చూసింది. ఆయన సీలింగు దిక్కు చూసిండు.

సారు లేసి, చెట్లకు నీళ్ళు పట్టనీకి పోయిండు. వాన పడుతుండె. వానల నిలబడి చెట్లకు నీళ్ళు పట్టిండు.

ఇగ జవాబు దొరికింది గదా, ఇడిసిపెడతడు అనుకున్నం. యాడిది! తెల్లారి మళ్ళ దిగిండు. "కొత్తేముంది?" నీహారికమ్మ మళ్ళ పేజరు కాడికెల్లే షురువు చేసింది. సారు మూతి ముడుచుకొని లేసి పోయిండు. మర్నాడు ఇనప బంతి, స్పాంజి బంతి అన్నది. లేసి పోయిండు. ఆఖరికి ఒకనాడు ఆమెకు కోపమొచ్చి, సారు ఇంకా కూసోకముందే గట్టిగ అన్నది: "తగలకముందే లెక్కేస్తుంది అంకుల్! లోకంలో ఇంకేదీ అలా చేయదు! చాలా?"

సారు కాఫీ మొత్తం తాగేదాంక కూసున్నడు. అంతే. కొత్తేముంది అని మళ్ళ అడుగలే.

మద్రాసుకు పోయే దినం వచ్చింది. కంప్యూటరు మోసుడు ఎవలు? నేనే. ఆ డబ్బా టీవీ ఒకటి, దాని కింది డబ్బా ఒకటి, రెండు కలిపి సిమెంటు బస్తా లెక్క ఉండె. స్టేషన్ల చూస్తే సారు సంచి పట్టుకొని నిలబడ్డడు.

"మీరు రానన్నరు గద సారు?"

"నాకు మద్రాసులో వేరే పనుంది," అన్నడు. ఆ వేరే పని ఏందంటే, ఆఫీసు ఎదురుంగ చాయ్ దుకాణం ముంగట అటు ఇటు తిరుగుడు. గేటు లోపలికి అడుగు పెట్టలే.

మేము లోపలికి పోయినం. వైర్లు పట్టుకోవాలె గాబట్టి నన్ను మూలకు నిలబెట్టిండ్రు. ఆఫీసరమ్మ పెద్దామె, నెల్లూరు దిక్కు తెలుగు. ఫైలు తెరిసింది. కండ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకున్నది.

"ఇందులో కొత్తేముందమ్మా?" అన్నది.

నాకు నవ్వు ఆగలే. లోహిత్ సారు నా కాలు తొక్కిండు. ఆయనకు గూడ ఆగలే, అందుకే తొక్కిండు.

నీహారికమ్మ మాత్రం నీళ్ళు తాగినట్టు చెప్పింది. "ఆ వేరే దేశం గ్లౌజు బంతి తగిలాక కొడుతుంది మేడం. మాది తగలకముందే లెక్కేసి, తగిలేసరికి చేతికి అందిస్తుంది. ఎలా లెక్కేస్తామో మా కాయితాల్లోనే చివర్న ఉంది చూడండి." ఆఫీసరమ్మ పేజీలు తిప్పి ఆ జాగ చదివింది. గ్లౌజు తొడుక్కున్నది. ట్రిక్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి. తీసినప్పుడు ఆలస్యంగ ఉలిక్కిపడి, "అదేంటి, వెళ్ళిపోయాక కొట్టింది!" అని ఆమెనే అన్నది. తర్వాత చాన ప్రశ్నలు అడిగింది. అన్ని మా ఇంటి కాఫీ టైముల విన్నయే. డోలు వచ్చింది. ఏనుగు గూడ వచ్చింది.

ఆఖరికి పెన్ను మూత పెట్టి, "నా అభ్యంతరాలు తీరిపోయాయి. పేటెంటు ఇవ్వచ్చని రాసేస్తాను. మిగతావి మామూలు తతంగాలే," అన్నది. ఫైలు మూసుకుంట మళ్ళ ఆమెనే అడిగింది: "ఎవరమ్మా మిమ్మల్ని ఇంత బాగా తయారుచేసింది?"

"ఎవరూ చేయలేదు మేడం. మా ఓనరు అంకుల్ రోజూ వచ్చి, ఇందులో కొత్తేముంది అని ప్రాణం తీసేవారు."

ఆఫీసరమ్మ లేసి నిలబడ్డది. "రావు గారా? నాకు పని నేర్పింది ఆయనేనమ్మా! 'లేదని రాయడానికి ఒక నిమిషం చాలు, ఉందేమోనని వెతకడానికే ఓపిక కావాలి' అనేవారు. వచ్చినవాళ్ళు తమకే తెలీకుండా ఎక్కడో మూలన దాచుకున్నది వాళ్ళ నోటితో చెప్పేదాకా అడిగేవారు. తిట్టుకుంటూనే చెప్పేవాళ్ళు, పాపం. ఎక్కడున్నారాయన?"

"చాయ్ దుకాణం కాడ ఫికర్ చేస్తుండు మేడం," అన్న నేను.

నేనే ఉరికిపోయి పిలుచుకొచ్చిన. ఫైలు తేలిపోయిందని చెప్తేనే గేటు దాటిండు. నీహారికమ్మ ఎదురొచ్చి కాళ్ళ మీద పడబోయింది. సారు ఎనకకు జరిగి, "లే, లే. ముందు ఆ గ్లౌజు ఇలా ఇవ్వు," అన్నడు.

అప్పుడు తట్టింది నాకు. నా చేతికి తొడిగిపిచ్చిండు, భ్రమరాంబమ్మ చేతికి తొడిగిపిచ్చిండు, ఈరమ్మ చేతికి గూడ తొడిగిపిచ్చిండు. తన చేతికి మాత్రం ఎన్నడు పెట్టుకోలే!

"ఎందుకు అంకుల్?" అన్నది నీహారికమ్మ.

"నచ్చేస్తే గట్టిగా అడగలేను కదమ్మా," అని సారు గ్లౌజు తొడుక్కున్నడు.

బంతి పోయింది. తాకింది. సారు ఎగిరి గంతేసిండు. పిలగాని లెక్క కిలకిల నవ్విండు. "మళ్ళీ వెయ్యి!" ఏసిండ్రు. "ఇనపది వెయ్యి! స్పాంజిది వెయ్యి! రెండూ కలిపి వెయ్యి!" ఆఫీసు మంది అంత జమైండ్రు. బండికి టైమైతుందని నేను మొత్తుకున్న. ఆఫీసరమ్మ తాళాలు పట్టుకొని నిలబడ్డది. సారు ఇంటే గద!

ఇగ చేసేదిలేక నేను కింది డబ్బా నెత్తికెత్తుకున్న, లోహిత్ సారు టీవీ ఎత్తుకున్నడు, నడుసుడు మొదలుపెట్టినం. కరెంటు వైరు పీకేసినా, గ్లౌజు వైరు నా డబ్బాకే ఉన్నది, గ్లౌజు సారు చేతికే ఉన్నది. తాడు కట్టిన లేగదూడ లెక్క సారు నా ఎనకనే వరండ పొడుగూత నడిచిండు. సారు తోని పనిచేసిన పాతోళ్ళందరు లేసి నిలబడి "నమస్కారం సార్" అంటుంటే, గ్లౌజు చెయ్యే పైకెత్తి, "ఆగండి, తీస్తే చేతిలో ఆ దెబ్బ పోతుంది," అనుకుంట గేటు దాటిండు.