తప్పు మా అత్తగారిది కాదు

ఓడరేవు పక్క గార్డెన్ రీచ్‌లోని మా తెలుగువాళ్లంతా ఇప్పటికీ ఒక మాట అంటుంటారు, మా అత్తగారు భయపడి కొడుక్కి వచ్చిన ఓడ ఉద్యోగం పోగొట్టిందని. అది నిజం కాదు. పోగొట్టింది నేను.

నేను సరుకు ఓడలో వంటవాణ్ణి. యుద్ధంతో ఎర్ర సముద్రం దారిలో ఓడలమీద దాడులు మొదలయ్యాక, మా ఓడను ఆఫ్రికా చుట్టూ తిప్పారు. ఆ సముద్రం మొహమే నేను చూడలేదు. నేను చేసిన యుద్ధమల్లా ఉల్లిపాయలతోనే. ప్రయాణం రెండు వారాలు పెరిగింది, ఉల్లిపాయలు పెరగలేదు. ఉల్లి లేని కూర పెట్టినందుకు ఇంజను గదివాళ్లు నాతో మాట్లాడటం మానేశారు.

సెలవులో ఇంటికొచ్చాక, టీకొట్టు దగ్గర అందరూ చుట్టూ చేరారు.

"ఏటి బావా, బాంబులు పడ్డాయంట కదా?" అన్నాడు మా బావమరిది.

ఉల్లిపాయల సంగతి చెప్పడానికి నామోషీ వేసింది. అప్పడాలు వేయిస్తూ ముంజేయి కాల్చుకున్న మచ్చ చూపించి, వంటగది మీంచి క్షిపణి పోయిందన్నాను. మొదటిరోజు ఒకటే పోయింది. వారం తిరిగేసరికి మూడయ్యాయి. మూడోది వచ్చినప్పుడు మూకుడు నెత్తిన బోర్లించుకుని బతికానన్నాను.

అప్పుడే, రెండేళ్లు ఎదురుచూశాక, బావమరిదికి ఓడ దొరికింది. అది కూడా ఆఫ్రికా చుట్టూ పోయేదే. కాగితం నాకు చూపించాడు. కానీ అత్తగారు పాస్‌పోర్టు దాచేసింది.

"ఆయనంటే మూకుడుతో బతికేడు. నీ కాడ ఏటుందిరా?" అంది కొడుకుతో.

"బావా, నువ్వు సెప్తే ఇంటాది," అని వాడు నన్ను బతిమాలాడు.

వెళ్లాను. "నిజంగా అంత పెమాదమేటి బాబూ?" అని ఆవిడే అడిగింది. లేదన్న ఒక్క మాట చాలు. కానీ గుమ్మంలో టీకొట్టు జనం నిలబడి వింటున్నారు.

"ప్రమాదమే. అలవాటైపోతుందిలెండి," అన్నాను.

ఓడ వెళ్లిపోయింది. వాడిప్పుడు పక్కనున్న మెటియాబ్రుజ్‌లో ఒక కుట్టుపని షెడ్డులో ప్యాంట్లకు జేబులు కుడుతున్నాడు. ఊరు మాత్రం అత్తగారినే ఆడిపోసుకుంది.

పోయిన నెల ఆవిడకు నిజం చెప్పాను. చేపలు తోముతూ, తలెత్తకుండా విన్నది.

"నన్ను అందరూ తిడతుంటే నా ఇంట్లోనే కూకుని తిన్నావు కదా బాబూ. ఆడికి సెప్పేవా?"

"లేదు."

"ఎల్లు మరి."

వెళ్లి చెప్పాను. బావమరిది మిషను ఆపాడు.

"ఆ మూడు బాంబుల్లో ఒక్కటైనా నిజమేనా బావా?"

"ఒక్కటీ కాదు."

"అయితే నాకింకో ఓడ నువ్వే సూడు," అని మళ్లీ మిషను తొక్కాడు.

ఆ రోజునుంచీ పొద్దున్నే ఓడలకు మనుషుల్ని కుదిర్చే ఏజెంటు దగ్గరికి పోతున్నాను. ఆఫ్రికా చుట్టు తిరిగి రావలసిన ఓడలు సగం రానే లేదనీ, వచ్చినవాటికోసం ముందే జనం వరసలో ఉన్నారనీ ఆయన రోజూ చెబుతాడు. నిన్న ఇక ఉండబట్టలేక, ఈసారి ఓడలో వంటపనికి నా బదులు మా బావమరిదిని పంపమన్నాను.

"అతనికి వంట వస్తుందా?" అన్నాడు ఏజెంటు.

వచ్చని చెప్పడానికి నోరు తెరిచాను.

"రాదు," అన్నాను.